ఆశపడ్డ మొక్క ఎందుకు బతకదు?

హైదరాబాద్‌లో మిద్దెతోటలు పెంచుతున్నవారి సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. చివర ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.

అందరికీ నమస్కారం.

మన ఊళ్లో ఏ నర్సరీకి వెళ్లినా కొన్ని ప్రశ్నలు తప్పకుండా వినిపిస్తాయి. యాపిల్ ఉందా? కుంకుమపువ్వు దుంపలు దొరుకుతాయా? బ్లూబెర్రీ కుండీలో కాస్తుందా? మంగుస్తాన్ పెట్టొచ్చా? శ్రీగంధం ఇంట్లో పెంచితే కేసు పెడతారా? మొక్క మీద ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు. అయితే వెయ్యి, రెండు వేలు పోసి తెచ్చుకున్న మొక్క ఏడాది తిరక్కుండా ఎండిపోతే చాలామంది "నా చెయ్యి మంచిది కాదు" అని తమను తామే తిట్టుకుంటారు. అది నాకు బాధ కలిగించే మాట. చెయ్యి మంచిది కాకపోవడం అంటూ ఏదీ లేదండి. ఇలాంటి మొక్కలు పోవడానికి సాధారణంగా ఒక్క పెద్ద కారణం ఉంటుంది. చలి చాలకపోవచ్చు, నీళ్లలో సున్నం ఎక్కువ కావచ్చు, గాలిలో తేమ లేకపోవచ్చు, వేరుకు తోడు మొక్క లేకపోవచ్చు, చోటు సరిపోకపోవచ్చు. ఆ కారణం ఏదో కొనకముందే తెలిస్తే దాన్ని మనం సరిచేయగలమా లేదా అన్నది లెక్క వేసుకోవచ్చు. సరిచేయగలిగితే కొనండి. లేదంటే ఆ కుండీలో జామో దానిమ్మో పెట్టుకోండి.

ఎక్కువమంది అడిగేది యాపిల్ గురించి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

యాపిల్ చెట్టు వచ్చే ఏడాది పూయాల్సిన మొగ్గల్ని ఈ ఏడాది వేసవిలోనే కట్టుకుంటుంది. ఆకు రాలాక ఆ మొగ్గలు నిద్రలోకి వెళ్తాయి. ఆ నిద్ర వదలాలంటే సున్నాకు, 7 డిగ్రీలకు మధ్య చలిలో కొన్ని వందల గంటలు గడవాలి. వీటినే చలి గంటలు అంటాం. బజార్లో మనం కొనే రెడ్ డెలిషియస్ లాంటి కొండ రకాలకు దాదాపు వెయ్యి గంటలు కావాలి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎప్పుడైనా ఒక తెల్లవారుజామున బాగా దిగినా గంటా రెండు గంటలకే మళ్లీ పెరుగుతుంది. అంటే మన డాబా మీద దొరికే చలి గంటలు ఇంచుమించు సున్నా.

చలి చాలని చెట్టు వెంటనే చావదు. ఫిబ్రవరిలో దాని కొమ్మను దగ్గరగా చూడండి. చివర ఒక కుచ్చులా నాలుగైదు ఆకులు వచ్చి ఉంటాయి. దాని కింద జానెడు, రెండు జానల మేర కొమ్మ బోడిగా ఉంటుంది. ఆ బోడి భాగంలో మొగ్గలు లేకపోలేదు. గోటితో కొంచెం గీకితే లోపల పచ్చగానే కనిపిస్తుంది. కానీ అవి విప్పుకోవు, నిద్ర వదల్లేదు. నీడనిచ్చే ఆకు లేదు కాబట్టి ఏప్రిల్ ఎండకు పడమటి వైపు బెరడు మాడి పగులుతుంది, పగుల్లోకి పురుగు చేరుతుంది. ఇంటివాళ్లు బలం తక్కువైందనుకుని ఎరువు మీద ఎరువు వేస్తారు. ఎరువుతో ఆ మొగ్గ నిద్ర లేవదు.

మరి తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు లేవా అంటే ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో తయారైన అన్నా, బహామాస్ దీవుల్లో దొరికిన డార్సెట్ గోల్డెన్, మన దేశంలో హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ ఎంపిక చేసిన హెచ్ఆర్ఎంఎన్-99. అన్నాకు రెండు, మూడు వందల గంటలు చాలంటారు. ఒంటరిగా పెడితే దానికి కాపు సరిగా రాదు, పక్కన డార్సెట్ గోల్డెన్ ఉండాలి. రెండూ ఒకేసారి పూస్తాయి కాబట్టి ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అందుతుంది. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు యాపిల్ పండించి 2020లో అందరి దృష్టికీ వచ్చారు. ఆయన శ్రమకు దండం పెట్టాలి. కానీ అది చలికాలం రాత్రులు హైదరాబాద్ కంటే బాగా చల్లగా ఉండే చోటు, పైగా నేల మీద వేసిన తోట. ఆ ఫొటో చూసి కూకట్‌పల్లి డాబా మీద అదే జరుగుతుందనుకోకూడదు.

రెండు వందల గంటలు కూడా లేనిచోట ఏం చేయాలి? దీనికి ఇండోనేషియాలో, జావా దీవిలోని బటు కొండల రైతులు దారి చూపించారు. వాళ్లకు చలికాలమే లేదు. కాపు కోసిన తర్వాత కొన్ని వారాలకు చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గ లోతైన నిద్రలోకి జారకముందే ఆకు పోతే చెట్టు మళ్లీ చిగురించి పూస్తుంది. చలితో మొగ్గను నిద్ర లేపడం కుదరనప్పుడు అసలు నిద్రే పోనివ్వకపోవడం అన్నమాట. ఇలా ఏడాదికి రెండు కాపులు కూడా తీస్తారు.

మన డాబా మీద చేయాలనుకుంటే పద్ధతి ఇది. వంద లీటర్ల మట్టి పట్టే డ్రమ్ము తీసుకోండి, అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టండి. సగం ఎర్రమట్టి, పావు వంతు బాగా మాగిన పశువుల ఎరువు, పావు వంతు కోకోపీట్ లేదా వరిపొట్టు కలపండి, గుప్పెడు వేపపిండి వేయండి. అంటు కట్టిన చోటు మట్టికి కనీసం నాలుగు అంగుళాల పైన ఉండాలి, మట్టిలో కూరుకుపోతే పై రకం సొంతంగా వేళ్లు వేసి అంటు వల్ల ఉన్న ఉపయోగం పోతుంది. మొదటి రెండేళ్లు కాపు ఆశించకండి, పిందె వచ్చినా తెంపేయండి. మూడో ఏడు నవంబరు చివర నీళ్లు సగానికి తగ్గించండి. రెండు వారాలయ్యాక, డిసెంబరు మధ్యలో, ఆకులన్నీ తీసేయండి. ఇక్కడే చాలామంది చెట్టును గాయపరుస్తారు. ఆకును కిందికి లాగితే తొడిమతో పాటు బెరడు చీలి పక్కనున్న మొగ్గ ఊడిపోతుంది. కత్తెరతో ఆకు పలకను మాత్రం కోసి తొడిమను వదిలేయండి, కొద్ది రోజుల్లో అదే రాలిపోతుంది. అదే రోజు నిటారుగా ఉన్న కొమ్మల్ని తాడుతో పక్కకు వంచి కట్టండి. నిలువు కొమ్మలో చివరి మొగ్గ మిగతావాటిని అణచి ఉంచుతుంది. వంచితే పక్క మొగ్గలకు అవకాశం వస్తుంది. తర్వాత నిండా నీళ్లు పెట్టి, రెండు కిలోల మాగిన పశువుల ఎరువు వేయండి. అన్నీ కుదిరితే మూడు, నాలుగు వారాల్లో మొగ్గలు పగులుతాయి.

ద్రాక్ష తోటల్లో మొగ్గలు పగలడానికి పూసే హైడ్రోజన్ సైనమైడ్ గురించి ఎవరైనా చెబితే వినకండి. అది విషం. ఒంటికి తగిలినా, ఆవిరి పీల్చినా ప్రమాదమే, ఆ సమయంలో మద్యం లోపలికి వెళ్తే ఇంకా ప్రమాదం. ఇళ్ల మధ్య వాడే మందు కాదు.

మార్చి వచ్చేలోపు కాండానికి, పెద్ద కొమ్మలకు సున్నం పూయండి. డ్రమ్మును ఇటుకల మీద పెట్టి బయటి చుట్టూ గోనె సంచి కట్టండి. మే నెలలో నల్ల గ్రో బ్యాగులో మట్టి ఎంత వేడెక్కుతుందో మధ్యాహ్నం వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎండ తగిలే వైపు పీచు వేళ్లన్నీ ఉడికిపోతాయి. ఇంతా చేస్తే దక్కేవి కొద్ది కాయలు. రంగు కూడా పసుపు మీద కొంచెం ఎరుపు, అంతే. నిండు ఎరుపు రావాలంటే కాయ పండే రోజుల్లో రాత్రులు చల్లగా ఉండాలి, మనకు అవి పండేది మే, జూన్‌లో. గుజ్జు మెత్తగా ఉంటుంది, నిలవ ఉండదు. ఇది తెలిసి పెంచేవారికి అదొక ఆనందం. సిమ్లా పండు వస్తుందని పెంచేవారికి ఇది వద్దనే చెబుతాను.

చలి విషయంలో ట్యులిప్ కూడా ఇదే వరసలో ఉంది, అయితే అక్కడ చలిని మనం కొనివ్వగలం. ట్యులిప్ గడ్డకు దాదాపు 5 డిగ్రీల్లో 12 నుంచి 14 వారాలు కావాలి. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో కాగితం సంచిలో పెట్టొచ్చు. కానీ అదే ఫ్రిజ్‌లో యాపిల్, అరటి, మామిడి లాంటి పండ్లు ఉండకూడదు. పండే కాయ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు గడ్డ లోపలి పూమొగ్గను చంపేస్తుంది, బయటికి ఏ తేడా కనిపించదు. డిసెంబరు చివర నాలుగైదు అంగుళాల లోతులో నాటండి, ఉదయపు ఎండ మాత్రం తగలనివ్వండి. పువ్వు వస్తుంది. వచ్చే ఏటికి మాత్రం ఆ గడ్డ పనికిరాదు, ఎందుకంటే పువ్వు తర్వాత ఆకు రెండు నెలలు చల్లగా బతికితేనే గడ్డ మళ్లీ నిండుతుంది. మన మార్చి ఎండకు ఆకు మాడిపోతుంది. ఢిల్లీలో రోడ్ల పక్కన పూసే ట్యులిప్‌లకు కూడా ఏటా గడ్డలు ఎక్కువగా నెదర్లాండ్స్ నుంచే తెప్పిస్తారు.

కుంకుమపువ్వు గురించి ముందు ఒక హెచ్చరిక. దానికి విత్తనం లేదు. ఆ మొక్క క్రోమోజోములు జతలుగా కాకుండా మూడేసి చొప్పున ఉండటం వల్ల గింజ కట్టదు, దుంపల ద్వారానే పెరుగుతుంది. కాబట్టి కుంకుమపువ్వు విత్తనాలని చెప్పి పొట్లం అమ్మేవారు అమ్ముతున్నది ఇంకేదో. దుంప కొంటే తూకం చూసుకోండి. 8 గ్రాముల కంటే తక్కువ ఉన్న దుంప సాధారణంగా పూయదు, ఆకులు మాత్రం వేస్తుంది. పువ్వు లోపల తయారు కావడానికి వేసవిలో పొడిగా, 23 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. అది బయటికి రావడానికి 15, 17 డిగ్రీల చల్లదనం కావాలి. ఏసీ గదిలో ట్రేలలో పెట్టి పూయించేవాళ్లు చేస్తున్నది ఇదే, మట్టి కూడా లేకుండా పువ్వు వస్తుంది. కష్టమంతా తర్వాత. పూసిన దుంప కరిగిపోతుంది, దాని మీద పిల్ల దుంపలు పుట్టి 8 గ్రాములకు ఎదగాలి. దానికి మట్టి, మంచి వెలుతురు, నెలల తరబడి చల్లటి వాతావరణం కావాలి. కుంకుమపువ్వు పండే కాశ్మీర్‌లోని పాంపోర్‌లో అది ఆకాశం ఉచితంగా ఇస్తుంది. ఇక్కడ కరెంటు బిల్లు కట్టాలి. ఒక గ్రాము ఎండు కుంకుమపువ్వుకు దాదాపు 150 పూలు కావాలన్నది గుర్తుపెట్టుకుని లెక్క వేసుకోండి. పది దుంపలు పెట్టి పువ్వు చూసి మురిసిపోవాలంటే సరే, వ్యాపారం అనుకుంటే నింపాదిగా ఆలోచించండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. దీన్ని నేను చలికంటే పెద్ద సమస్యగా భావిస్తాను, ఎందుకంటే ఇది కంటికి కనిపించదు. బ్లూబెర్రీ, అజేలియా, కమేలియా, హైడ్రాంజియా నీలం పువ్వు ఇవన్నీ పుల్లటి మట్టి కోరుకుంటాయి. ఆ పులుపును కొలిచే అంకె పీహెచ్, ఏడు కంటే తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. బ్లూబెర్రీకి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మన బోరు నీళ్లలో పులుపును విరిచే బైకార్బొనేట్ అనే లవణం ఎక్కువ. బకెట్ అంచున, గీజర్ లోపల పేరుకునే తెల్లటి పొర దాని గుర్తే. మొదటి రోజు మట్టి ఎంత పుల్లగా కలిపినా, రోజూ ఆ నీళ్లు పోస్తే కొన్ని నెలల్లో పీహెచ్ ఏడు దాటుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కొత్త చిగురు పసుపు రంగులో వచ్చి ఈనెలు మాత్రం పచ్చగా గీతల్లా మిగులుతాయి. తర్వాత ఆకు అంచు ఎండుతుంది. దీన్ని చూసి నత్రజని లోపమనుకుని యూరియా వేయడం మామూలుగా జరిగే పొరపాటు. నత్రజని లోపమైతే ముందు ముదురాకు పసుపెక్కుతుంది, ఇనుము లోపమైతే చిగురు పసుపెక్కుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే చాలా మొక్కల్ని కాపాడుకోవచ్చు.

బ్లూబెర్రీ పెట్టాలనుకుంటే బిలాక్సీ లాంటి తక్కువ చలి రకం అడగండి. నలభై లీటర్ల కుండీలో సగం బాగా కడిగిన కోకోపీట్, మూడో వంతు దేవదారు లేదా పైన్ బెరడు ముక్కలు, మిగతాది పెర్లైట్, అంటే మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు, వేయండి. ఎర్రమట్టి వద్దు, వర్మీకంపోస్టు వద్దు, బూడిద, గుడ్డు పెంకులు, ఎముకల పొడి అసలే వద్దు. లీటరు మిశ్రమానికి అర గ్రాము గంధకం పొడి కలిపి, తడిపి, రెండు నెలలు పక్కన పెట్టి ఆ తర్వాత నాటండి. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు, వాటికి ఆ సమయం కావాలి. ఎరువుగా అమ్మోనియం సల్ఫేట్ నెలకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు చాలు. ఈ మొక్కలు నత్రజనిని అమ్మోనియం రూపంలోనే ఇష్టంగా తీసుకుంటాయి.

నీళ్లకు అన్నిటికంటే మంచిది వాన నీరు. డాబా మీద రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు పెట్టి, దోమ వెళ్లకుండా గుడ్డ కట్టి మూత పెట్టండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, అవి వాడొచ్చు. ఆర్‌వో ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి, ఉప్పంతా చిక్కబడి వచ్చేది అందులోనే. బోరు నీళ్లు తప్పకపోతే పది లీటర్ల బకెట్‌కు 2 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి కలిపి, పది నిమిషాలు ఆగి పీహెచ్ కాగితంతో చూడండి. 5.5కు దిగేదాకా ఒక్కొక్క గ్రాము కలుపుతూ వెళ్లండి. ఒకసారి మీ బోరుకు ఎంత పడుతుందో తెలిస్తే ప్రతిసారీ కొలవక్కర్లేదు. ఎండాకాలం ముదిరి బోరు అడుగంటినప్పుడు మాత్రం మళ్లీ కొలవండి, నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. ఇంత శ్రద్ధ పెడితే బ్లూబెర్రీ మన ఊళ్లోనూ కాస్తుంది. ఈ రోజు చెబుతున్న కష్టమైన మొక్కల్లో నేను ధైర్యంగా పెట్టుకోమని చెప్పేది ఇదొక్కటే.

మంగుస్తాన్ కథ వేరు. దానికి కావాల్సింది గాలిలో తేమ, మనం పోసే నీళ్లు దానికి బదులు కావు. నీలగిరి పాదాల్లోని కల్లార్, బర్లియార్‌లలో, కుర్తాళంలో, కేరళలో ఈ చెట్లు చక్కగా ఉంటాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలి ఎండిపోయి ఉంటుంది. ఈ మొక్క వేళ్లకు నీటిని పీల్చే సన్నటి నూగు వేళ్లు ఉండవు. ఆకు వదిలేసేంత నీటిని వేరు అందించలేదు, కాబట్టి మట్టి తడిగా ఉండగానే ఆకు అంచులు మాడతాయి. మాడాయని ఇంకా నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. తల్లివేరు కూడా సున్నితం, కుండీ మార్చేటప్పుడు విరిగితే ఏడాది పాటు ఎదుగుదల ఆగిపోతుంది. పండు తిని గింజ నాటాలనుకుంటే కడిగిన రోజే నాటండి, ఆరితే మొలవదు. కాపుకు ఎనిమిది, పదేళ్లు. కోనసీమలో కొబ్బరి నీడ, కాలువ తేమ ఉన్నవారు ప్రయత్నించదగ్గది. డాబా మీద వద్దు.

శ్రీగంధం దగ్గరికి వద్దాం. ఇందులో రెండు చిక్కులున్నాయి, ఒకటి వేరుది, ఒకటి చట్టానిది.

శ్రీగంధం సగం పరాన్నజీవి. ఆకు పచ్చగా ఉండి తన ఆహారం తను తయారు చేసుకుంటుంది కానీ, నీళ్లు, లవణాల కోసం పక్క మొక్క వేరును పట్టుకుంటుంది. తవ్వి చూస్తే గంధం వేరు మీద చిన్న బిళ్లల్లాంటివి కనిపిస్తాయి, అవి పక్క మొక్క వేరుకు అతుక్కుని లోపలికి దిగి ఉంటాయి. తోడు లేకుండా నల్ల సంచిలో ఒంటరిగా పెంచిన గంధం మొక్క గింజలోని బలం ఉన్నంతకాలం బాగానే ఉండి, తర్వాత లేత పసుపుకు తిరిగి గిడసబారిపోతుంది. నర్సరీలో దీనికి పెట్టే మంచి తోడు మనం కూర వండుకునే పొన్నగంటి. కుండీలో గంధం మొక్కకు మూడు, నాలుగు అంగుళాల దూరంలో రెండు పొన్నగంటి కొమ్మలు గుచ్చండి. అది గుబురై గంధాన్ని కమ్మేయకుండా రెండు వారాలకోసారి కత్తిరించండి. నేలలో నాటాక పక్కన కంది, ఆ తర్వాత శాశ్వతంగా సరుగుడు లాంటి చెట్టు ఉండాలి. గింజ నుంచి మొలిపించాలంటే మొలకను లేపే హార్మోను అయిన జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని 500 పీపీఎం, అంటే లీటరు నీళ్లకు అర గ్రాము, కలిపి అందులో ఒక రాత్రి నానబెట్టి విత్తుతారు.

చట్టం సంగతి. ఒకప్పుడు కర్ణాటకలో మీ నేలలో మొలిచిన గంధం చెట్టు కూడా మీది కాదు, ప్రభుత్వానిది. టిప్పు సుల్తాన్ కాలం నాటి రాజవృక్షం పద్ధతి అలా కొనసాగింది. 2001లో కర్ణాటక, 2002లో తమిళనాడు చట్టం మార్చి చెట్టును భూమి యజమానికి ఇచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లో గంధం, ఎర్రచందనం మొక్క కొనడానికి, పెంచడానికి అడ్డు లేదు. నరకాలన్నా, కలప కదిలించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. నాటినరోజే ఆ మొక్క వివరాలు మీ భూమి రికార్డులో ఎక్కించుకోండి, ఇరవై ఏళ్ల తర్వాత ఈ చెట్టు నేను నాటిందేనని చూపించుకోవడానికి అదే ఆధారం. ఎర్రచందనం శేషాచలం, లంకమల, వెలిగొండ, పాలకొండల గులకరాళ్ల నేలలో పుట్టిన చెట్టు. నల్లరేగడిలో నీళ్లు కట్టి ఎరువులు వేస్తే ఏపుగా పెరుగుతుంది, చేవ మాత్రం సరిగా పట్టదు. విలువంతా చేవలోనే ఉంది. ఇళ్ల మధ్య చేవ పట్టిన గంధం చెట్టు ఉంటే దొంగల భయం కూడా ఉంటుంది, ఆ మాట కూడా చెప్పాలి.

చోటు చాలక వదులుకోవాల్సిన చెట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. గోల్కొండ నయాఖిల్లాలో ఉన్న బావోబాబ్‌ను హతియాన్ కా ఝాడ్ అంటారు, దాని మొదలు చుట్టూ పాతిక మీటర్లకు పైనే ఉంటుంది. గింజను వేడి నీళ్లలో ఒక రోజు నానబెడితే సులువుగా మొలుస్తుంది, మన ఎండలు దానికి లెక్కే కాదు. ఇంటి స్థలంలో మాత్రం పెట్టలేం. కుండీలో వేళ్లు కత్తిరిస్తూ బోన్సాయ్‌గా పెంచుకోవచ్చు, ఆ పనికి ఇది చాలా అనువైన చెట్టు. చలికాలం ఆకు రాల్చినప్పుడు నీళ్లు దాదాపు ఆపేయాలి, ఆపకపోతే మొదలు కుళ్లుతుంది. నాగలింగం కూడా ఇంటికి దూరంగా, గుడి ఆవరణలో, పార్కులో ఉండాల్సిందే. ఫిరంగి గుండంత కాయలు కాండం మీంచే రాలతాయి, కింద బండి గానీ మనిషి గానీ ఉండకూడదు. తాళపత్రాలకు వాడిన శ్రీతాళం ముప్పై ఏళ్లకో అరవై ఏళ్లకో ఒక్కసారి పూసి, కాసి, చనిపోతుంది. నాటినవారు ఆ పువ్వు చూడకపోవచ్చు. ఇక సీషెల్స్ దీవుల కోకో డి మేర్, ప్రపంచంలో అతి పెద్ద గింజ దానిది. హౌరా బొటానికల్ గార్డెన్‌లో 1894లో నాటిన మొక్క తొలిసారి పూయడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది. పూశాక అది ఆడ చెట్టని తేలింది. మగ చెట్టు పుప్పొడి విదేశం నుంచి తెచ్చి అద్దితే గానీ కాయ నిలవలేదు. అలాంటిది ఒక మనిషి సొంతం చేసుకునే చెట్టు కాదు, ఒక సంస్థ తరతరాలుగా కాపాడాల్సింది. 

ఉన్నట్టు చెప్పి అమ్మేవి, అసలు లేనివి కొన్ని ఉన్నాయి. నీలం గులాబీ విత్తనాలు, ఇంద్రధనుస్సు గులాబీ విత్తనాలు. గులాబీ జాతికి నీలం రంగునిచ్చే డెల్ఫినిడిన్ తయారు చేసుకునే శక్తి లేదు. జపాన్‌కు చెందిన సన్‌టోరీ కంపెనీ జన్యుమార్పిడితో ఆ రంగును ఎక్కించి 2009లో అమ్మకానికి పెట్టిన గులాబీ కూడా లేత ఊదాగా ఉంటుంది తప్ప నీలం కాదు. ఇంద్రధనుస్సు గులాబీ అయితే తెల్ల గులాబీ కాడను చీల్చి ఒక్కో పాయను ఒక్కో రంగు నీళ్లలో పెట్టగా వచ్చినది. దాని విత్తనం అంటూ ఉండదు.

చివరగా, అమెరికాలో ఉన్న మన పిల్లల గురించి. మనకు యాపిల్ ఎలాగో వాళ్లకు కరివేపాకు అలాగ. ఇక్కడి నుంచి మొక్క, రెమ్మ, తాజా ఆకు సూట్‌కేసులో పంపకండి. కరివేపాకు మీద బతికే సిల్లిడ్ అనే చిన్న పురుగు నారింజ, నిమ్మ తోటలను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసుకెళ్తుంది. ఆ భయంతోనే అక్కడ నిషేధం పెట్టారు. అమెరికాలోనే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మొక్క తీసుకెళ్లడానికీ ఆంక్షలున్నాయి. వాళ్లు ఉంటున్న రాష్ట్రంలోనే అనుమతి ఉన్న నర్సరీలో కొనుక్కోవడం సరైన పద్ధతి. అలాగే అక్కడి నుంచి ఇక్కడికి మొక్కలు తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందస్తు దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం రెండూ కావాలి.

అక్కడ కరివేపాకు పోయేది ఎక్కువగా చలికాలంలో ఇంట్లోనే, మంచులో కాదు. రాత్రి 10 డిగ్రీలకు దిగేలోపు లోపలికి తెచ్చి దక్షిణం కిటికీ దగ్గర పెడతారు, అది బాగుంది. తర్వాత ఇక్కడి అలవాటు కొద్దీ రోజూ నీళ్లు పోస్తారు. ఎదుగుదల ఆగిపోయిన మొక్క ఆ నీళ్లు తాగదు, వేరు కుళ్లుతుంది. పైన రెండు అంగుళాల మట్టి పొడిబారాకే పోయాలి. ఆకు రాలినా కంగారు పడొద్దు, కాండం గీకితే పచ్చగా ఉన్నంతవరకు బతికున్నట్టే. మార్చిలో సగానికి కత్తిరించి, రాత్రులు వెచ్చబడ్డాక బయట పెడితే, మొదటి వారం నీడలో ఉంచి ఆ తర్వాత ఎండలోకి జరిపితే, మళ్లీ గుబురుగా చిగురిస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: లావెండర్ ప్రతి ఏడూ తెస్తున్నాం, వర్షాకాలంలో పోతోంది. ఏం చేయాలి?

జవాబు: దాన్ని చంపేది వాన కంటే ఎక్కువగా వానలో ఆరని మట్టి. జమ్మూ ప్రాంతంలోని భద్రవాలో పండిస్తున్నది ఇంగ్లిష్ లావెండర్, దానికి మన జులై గాలి పడదు. ఆకు అంచు రంపంలా ఉండే డెంటాటా రకం అడగండి, అది కొంత ఓర్చుకుంటుంది. మట్టి కుండీలో సగం ముతక ఇసుక, గులకరాళ్లు వేసి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన పడని సన్‌షేడ్ కింద, గాలి తగిలేచోట పెట్టండి. కుండీ కింద పళ్లెం పెట్టొద్దమ్మా.

ప్రశ్న: చెర్రీ పూల చెట్టు హైదరాబాద్‌లో కుదరదా సార్?

జవాబు: కుదరదండి, అది కూడా చలి గంటల లెక్కే. ఆకు లేకుండా గులాబీ రంగు పూలతో నిండిపోయే చెట్టు కావాలంటే టబెబుయా రోజియా నాటండి. వేసవి మొదట్లో పూస్తుంది. ప్రహరీకి, గోడకు పదిహేను అడుగుల దూరం ఉంచండి, నేలలోనే పెట్టండి.

ప్రశ్న: బ్రహ్మకమలం మా ఇంట్లో రాత్రిపూట పూస్తోంది. కేదార్‌నాథ్‌లో చూసింది వేరేలా ఉంది. ఆ మొక్క తెచ్చి పెంచొచ్చా?

జవాబు: మీ ఇంట్లోది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి మొక్క. హిమాలయాల్లోది మూడున్నర వేల మీటర్ల పైన పెరిగే వేరే జాతి, కిందికి తెస్తే బతకదు. అక్కడి నుంచి పెరికి తేవడం వల్ల కొండ మీద అది తగ్గిపోతోంది కూడా. దయచేసి తీసుకురాకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వచ్చిన యాపిల్ అంటు మొక్కా, గింజ మొక్కా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మొదలు నుంచి జానెడు లోపు కాండం మీద చూడండి. అంటు మొక్కకు అక్కడ ఒక వంపు గానీ, ఏటవాలు మచ్చ గానీ ఉంటుంది, దానికి పైనా కిందా బెరడు రంగు, మందం కొంచెం తేడాగా ఉంటాయి. కొన్నిటికి కట్టిన టేపు ముక్క ఇంకా ఉంటుంది, దాన్ని బ్లేడుతో నిలువుగా కోసి తీసేయండి, లేకపోతే కాండం లావెక్కాక నొక్కుకుపోయి గాలికి అక్కడే విరుగుతుంది. మొదలు నుంచి చివర దాకా ఒకే రంగు, ఒకే నునుపు ఉంటే అది గింజ మొక్క, తల్లి గుణాలు రావు, తిరిగి పంపించండి. అంటు మొక్కే అయితే ఆ మచ్చ కింద నుంచి వచ్చే చిగుళ్లను మాత్రం లేతగా ఉండగానే వేలితో తుంచేయండి. అవి వేరు మొక్కవి, వదిలేస్తే అవే పెరిగి పై రకాన్ని ఎండగడతాయి.